ఎదురుకాళ్ళవాడి వీపు నొప్పి

ఈ మధ్య వారం వారం బోర్లా పడుకోవడానికి పోతున్నాను. నవ్వకండి, నా వయసులో అది కూడా ఒక పనే. మా అపార్టుమెంటు కింద కొత్తగా ఫిజియోథెరపీ దుకాణం తెరిచారు. దుకాణం అంటే అక్కడి అమ్మాయికి కోపం వస్తుంది గాని నాకు వేరే మాట నోటికి రాదు. అక్కడి మంచానికి తల పెట్టేచోట ఒక బొక్క ఉంటుంది. ముఖం అందులో పెట్టి పడుకుంటే కింద నేల తప్ప ఇంకేమీ కనబడదు. ఆ అమ్మాయి నా వీపు మీద వేడి సంచులు సర్దుతూ, జబ్బ కింద బొటనవేలితో నొక్కుతూ అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె పాదాలు మాత్రమే నాకు కనిపిస్తాయి. తెల్ల చెప్పులు, గోళ్ళ మీద సగం పోయిన గోరింటాకు. మొదటిరోజు "ఎప్పట్నుంచి ఉంది సార్ ఈ నొప్పి?" అని అడిగింది. "మీ అమ్మ పుట్టకముందు నుంచి" అన్నాను. "ఏం పని చేసేవారు? బరువులు మోశారా?" అంది. "లేదమ్మా, గిటారు వాయించాను. చిట్యాల పక్క పల్లెలో, గొర్రెల మంద వెనక" అన్నాను. ఆ పాదాలు నడవడం ఆపేశాయి. ముసలాయనకు మతి తప్పిందనుకున్నదేమో.

ఆ బొక్కలోంచి ఆమె పాదాలు చూస్తూ పడుకున్నప్పుడు నాకు ఒక్కసారిగా తట్టింది. నా చిన్నతనంలో మా ఊరు నన్ను ఇట్లాగే చూసింది. నా ముఖం ఎట్లా ఉండేదో మా ఊళ్ళో సగం మందికి తెలియదు. నా కాళ్ళు మాత్రం అందరికీ తెలుసు. ఎందుకంటే నేను ఎదురుకాళ్ళతో పుట్టానట. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చిన బిడ్డ అన్నమాట. అట్లా పుట్టినవాడు వీపు మీద కాలు పెట్టి తొక్కితే పట్టిన నడుము విడుస్తుందని మా వైపు గట్టి నమ్మకం. నాట్లేసి వంగిపోయిన ఆడవాళ్ళు, తాడిచెట్టు దిగుతూ నడుము కలుక్కుమన్న గౌండ్ల నర్సయ్య తాత, నకిరేకల్ మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, ఎక్కడెక్కడి వాళ్ళో ఆదివారం పొద్దున్నే పరగడుపున మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. మా అవ్వ, అంటే మా అమ్మను కన్న తల్లి, వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సానుపు చల్లి, ఆరిన జాగా చూసి నల్ల గొంగడి పరిచేది. ఆ గొంగడికి గొర్రె వాసన, వేపపుల్ల వాసన, పొగాకు వాసన, పడుకుని లేచిపోయినవాళ్ళందరి చెమట వాసన. నేను చూరు వాసం పట్టుకుని నిలబడి ఎడమ పాదాన్ని నడుము నుంచి మెడ దాకా మెల్లగా నడిపించేవాణ్ణి.

ఆ వైద్యానికి కొన్ని షరతులున్నాయి. తొక్కేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. తొక్కినందుకు ఏమీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. అన్నిటికంటె పెద్ద షరతు, లేచినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. తిరిగి చూస్తే వదిలిన నొప్పి మళ్ళీ వెంటబడి వస్తుందట. కాబట్టి వచ్చినవాళ్ళు తల వంచుకొని వచ్చి, బోర్లా పడుకొని, లేచి దులుపుకొని, అటునుంచి అటే పోయేవాళ్ళు. నాకు మా ఊరి మనుషుల ముఖాలకంటె వీపులు ఎక్కువ గుర్తు. ఎవరి వీపు మీద పుట్టుమచ్చ ఉండేదో, ఎవరి నడుము మీద వాత ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. పోనీ తోటిపిల్లలన్నా కలిశారా అంటే అదీ లేదు. నేను కబడ్డీ కూతకు పోతే వాళ్ళ తల్లులు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. "వాని కాళ్ళు దవాఖాన రా! కాలిరిగితే ఊరికి దిక్కెవ్వరు?" అని నన్ను ఒడ్డున కూర్చోబెట్టేవాళ్ళు. గౌరవమే, కాదనను. ఆ గౌరవంలో నాతో మాట్లాడేవాడు ఒక్కడు లేడు. పదేళ్ళ పిల్లవాణ్ణి, గౌరవాన్ని ఏం చేసుకోను?

ఇంత వైద్యం నడిచే ఇంట్లో అవ్వకు నడుము నొప్పి. పొద్దున లేస్తే గోడ పట్టుకొని నిలబడేది. గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చాక చీరకొంగు నడుముకు బిగించి కట్టేది. కుండలో వావిలాకు ఉడకబెట్టుకొని ఆ నీళ్ళు పోసుకునేది. పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి తన చేతికందిన మేరకు తానే కాపుకునేది. అందని జాగా అందనట్టే ఉండేది. "అవ్వా, గొంగడి మీద పండుకో, నేను తొక్కుత" అంటే "నాకేమైంది రా, గుండ్రాయి లెక్కున్న" అని లేచి పోయేది. ఊరందరి వీపుల మీద నడిచిన నా కాళ్ళను తన వీపు మీద మాత్రం ఒక్కనాడూ పెట్టనివ్వలేదు. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఒకసారి బాయికాడ నీళ్ళు చేదుతున్న ఒకామె పక్కామెతో అంటుంటే చెవినబడింది. "తల్లిని మింగిన కాళ్ళు గదనే అవి. ఆ ముసల్దానికి బిడ్డ యాదికి రాదా? ఎట్ల పెట్టనిస్తది ఈపు మీద?" మా అమ్మ నన్ను కన్న పూటే పోయిందని నాకు తెలుసు. నా కాళ్ళ వల్ల పోయిందని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి నాకు ఒక్కటే కోరిక, అవ్వ ఒక్కసారి నా కాళ్ళ కింద పడుకోవాలి. పడుకుంటే నన్ను క్షమించినట్టు. పడుకోకపోతే క్షమించనట్టు. ఇంకెవరినడిగేది? నాకు నేనే లెక్క కట్టుకొని, నాకు నేనే ఏడ్చుకునేవాణ్ణి.

మా నాన్న, బాపు అనేవాణ్ణి, లారీ నడిపేవాడు. సాగర్ డ్యాం కడుతున్న కాలం అది. సిమెంటు వేసుకొని పోతూ, ఖాళీ బండితో వస్తూ ఎప్పుడన్నా ఒకసారి బెజవాడ సడక్ మీద బండి ఆపి హారన్ కొట్టేవాడు. నేను చేలకు అడ్డంపడి ఉరికేవాణ్ణి. బాపు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, గొంగడి మీద బోర్లా పడుకునేవాడు. లారీ డ్రైవర్ల నడుము సంగతి చెప్పేదేముంది. నేను తొక్కేవాణ్ణి. అందరికంటె నెమ్మదిగా, అందరికంటె ఎక్కువసేపు తొక్కేవాణ్ణి, ఎందుకంటే తొక్కడం అయిపోతే బాపు వెళ్ళిపోతాడు. లేచి అంగీ తొడుక్కొని సడక్ దిక్కు నడిచేవాడు. బాపు కూడా తిరిగి చూసేవాడు కాదు. వైద్యం షరతో, మరేమిటో, నేనెట్లా చెప్పగలను?

ఒకసారి అట్లా వచ్చినప్పుడు తువ్వాలలో చుట్టి ఒక వస్తువు తెచ్చాడు. డ్యాం కాడ మిషన్లు బాగుచేసే గోవా మేస్త్రీ ఒకాయన పని వదిలిపోతూ ఇచ్చాడట. పొట్టకు పెద్ద బొక్క, పొడుగు మెడ, ఒక తీగె తెగి చుట్టుకుపోయి ఉంది. "దీన్నేమంటరు బాపు?" అని అడిగాను. "గిటారంట. గాయన గట్లనే అన్నడు. నువ్వొక్కనివే ఉంటవు గదా, ఏమన్న తోస్తదని తెచ్చిన" అన్నాడు. బాపుకు నేను ఒక్కణ్ణే ఉంటానని తెలుసన్న సంగతి నాకు ఆ మాటతోనే తెలిసింది. సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. మా ఊళ్ళో దాన్ని గిటారని ఎవరూ అనలేదు. నర్సయ్య తాత పెద్ద ఫిడేలన్నాడు, అవ్వ తంబుర అన్నది, గొర్రెలు మాత్రం ఏమీ అనకుండా మేశాయి.

నేర్పేవాళ్ళు ఎవరున్నారు? సడక్ పక్క చాయ్ హోటల్లో రేడియో ఉండేది. మందను ఆ వైపే తోలుకుపోయి, గట్టు మీద కూర్చొని, రేడియోలో విన్నది తీగెల మీద వెతుక్కునేవాణ్ణి. తీగెలు బిగించడం కూడా నా చెవికి తోచినట్టే బిగించాను. చాలా ఏళ్ళకు హైదరాబాదులో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో చేరినప్పుడు అక్కడివాళ్ళు నా శ్రుతి చూసి పొట్టలు పట్టుకొని నవ్వారు, ప్రపంచంలో ఎవడూ అట్లా బిగించడట. నవ్వితే నవ్వనీ. ఆ శ్రుతిలో నాకు తోడు దొరికింది. గిటారు పొట్ట నా ఛాతీకి ఆనిచ్చి తీగె మీటితే లోపల ఎముకల్లో జుమ్మని పలికేది. అంతకుముందు నన్ను అంత దగ్గరగా ఆనుకున్నది గొర్రెపిల్ల తప్ప మరొకటి లేదు. అందుకే దాని మీదికి వంగేవాణ్ణి. మెడ వంచి, భుజాలు ముడిచి, వేళ్ళ వంకే చూస్తూ పొద్దు గూకేదాకా వంగి ఉండేవాణ్ణి. మెడలో వేసుకోవడానికి పట్టీ లేకపోతే సుతిలి తాడు కట్టాను. అది ఎడమ జబ్బ మీద కోసుకుపోయి ఎర్రటి గాడి పడింది.

నొప్పి మొదట జబ్బ మీద కూర్చుంది. తర్వాత మెడకు పాకింది. తర్వాత వీపు రెక్క కిందికి దిగి, అక్కడ మేకు దిగినట్టు స్థిరపడింది. చెయ్యి పైకెత్తితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అవ్వతో చెప్పలేదు. చెబితే గిటారు అటక మీద పెడుతుందని భయం. దొంగతనంగా ఎండకు కాలిన బండకు వీపు ఆనించి కూర్చునేవాణ్ణి, అది కాసేపు బాగుండేది. ఆముదం దొంగిలించి రాసుకున్నాను. వేపకొమ్మ పట్టుకొని వేలాడాను. దిగాక మళ్ళీ గిటారు మీదికి వంగడమే. వాయిస్తే నొప్పి, వాయించకపోతే దిక్కులేనితనం. రెంటిలో నొప్పే నయమనిపించేది.

అయినా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక ఆదివారం నర్సయ్య తాత గొంగడి మీద పడుకున్నాడు. నేను చూరు వాసం పట్టుకోబోతే చెయ్యి లేవలేదు. రెండో చెయ్యితో పట్టుకొని కాలు పెట్టాను గాని, ఒళ్ళు తూలి ఆయన పక్కనే పడ్డాను. షరతు మరిచి నర్సయ్య తాత నోరు విప్పాడు. "ఏందిరో, డాక్టరుకే జరమొచ్చినట్టున్నది! ఊరందరి ఈపుల నొప్పి పోయి పోయి నీ ఈపుకెక్కినట్టుంది పోరగా!" అని నవ్వి, తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "నకిరేకల్ దాపున ఒక ఎదురుకాళ్ళామె ఉన్నదంటరు. గామెతోని తొక్కియ్యే వీనికి" అని అవ్వకు చెప్పి, నడుము పట్టుకొని, ఉన్న నొప్పితోనే ఇంటికి పోయాడు.

అవ్వ ఆ రోజు నన్ను మంద వెనక పంపలేదు. నా అంగీ విప్పించి ఆ గాడి చూసింది. ఉప్పు వేయించి మూటగట్టి జబ్బ మీద కాపింది. వేడి తగిలినప్పుడల్లా నేను మూలుగుతుంటే "గింత నొప్పి కడుపుల పెట్టుకొని తిరిగినవా రా" అని తిట్టింది. తిడుతూనే గొంగడి అంచు కత్తిపీటతో అరచెయ్యి వెడల్పున కోసి, మడిచి, దబ్బనంతో కుట్టి, సుతిలి తాడు తీసి పారేసి గిటారుకు దాన్ని కట్టింది. అది అటక మీదికి పోదని అప్పుడు ధైర్యం వచ్చింది. "వాయించు, సూస్త" అంది. వంగి మీటాను. "గట్ల ఒంగుడెందుకు? దాని దిక్కు సూసుడెందుకు? మేకను పిండేటప్పుడు పొదుగు దిక్కు సూస్తమా? ఏళ్ళకు ఎరుకుండదా? తల లేపి గా గుట్ట దిక్కు సూసుకుంట వాయించు" అంది. తల ఎత్తాను. వీపు నిటారైంది. పాట తప్పుగా వచ్చింది గాని మేకు కాస్త వదులైంది.

ఆ మంచితనం చూసి నాకు ధైర్యం మితిమీరింది. "అవ్వా, నన్ను నకిరేకల్ తోల్కపో. గామెతోని తొక్కించు" అన్నాను. అవ్వ ఉప్పు మూట పక్కన పెట్టింది. "వద్దు" అంది. ఎందుకు వద్దంటే చెప్పదు. ఎంత అడిగినా గోడవైపు చూస్తుంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నేళ్ళుగా గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది.

"ఎదురుకాళ్ళంటే నీకు పగ. గందుకే నా కాళ్ళు నీ ఈపు మీద పెట్టనియ్యవు. అమ్మను సంపిన కాళ్ళని!"

అవ్వ కొట్టినంత పని చేసింది. చెయ్యి లేచి, గాల్లో ఆగి, కిందికి దిగింది. గొంగడి మీద కూలబడింది. దొడ్లో గొర్రెపిల్లలు అరుస్తున్నాయి.

"నువ్వు ఎదురుకాళ్ళతోని పుట్టలే" అంది చివరకు.

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను.

"అందరి లెక్కనే తలతోని పుట్టినవు. మీ అమ్మకు రక్తం ఆగలే, పోయింది. గంతే. నీ తప్పు లేదు, నీ కాళ్ళ తప్పు లేదు. నిన్ను కడిగి, గుడ్డల సుట్టి బయటికి తెచ్చిన. వాకిట్ల ఊరంత ఉన్నది. ఒక్కలన్న చేతులు చాపలే బిడ్డా. తల్లిని మింగినోడని ఎనుకకు జరిగిన్రు. మీ బాపు గోడ దిక్కు తిరిగిండు. నేను సచ్చిపోతే నిన్నెవ్వరు ముడుతరు అనిపించింది. గప్పుడు నా నోట్లకెల్లి వచ్చింది, ఎదురుకాళ్ళతోని పుట్టిండని. మంత్రసాని నా మొకం సూసి, అవునన్నది. ఆమె గూడ పోయింది. ఇగ నేనే ఉన్న."

"మరి గింతమందికి నొప్పి పోయింది గదా!"

"నాకేం ఎరుక! పోయిందన్నరు. నాకు గావలసింది నొప్పులు పోవుడా? ఎవ్వరన్న నీ దగ్గరికి వచ్చుడు. నిన్ను ముట్టుడు."

నేను ఏడుస్తూ అన్నాను. "వచ్చిన్రు, ముట్టిన్రు. ఒక్కలు గూడ తిరిగి నా దిక్కు సూడలే అవ్వా."

ఆ మాటకు అవ్వ ముఖం మారిపోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. "ముట్టుకుంటె సాలనుకున్న కొడుకా. సూసుడు సంగతి నాకు యాదికి రాలే" అంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. "నేను పండుకోనిది గందుకే. అవి ఉత్త కాళ్ళని నాకెరుక. తొక్కినంక పోయిందా అవ్వా అని అడుగుతవు. ఊరికి అబద్ధం చెప్పిన గని నీకు చెప్పబుద్ధి గాలే. నకిరేకల్ వద్దన్నది గూడ గందుకే."

ఇదంతా జరిగి ఎంతకాలమైందో! అవ్వ పోయింది, బాపు పోయాడు, ఆ పల్లెలో నన్ను ఎదురుకాళ్ళోడా అని పిలిచేవాళ్ళు కూడా లేరు. ఆ తర్వాత కూడా నేను తొక్కానా అంటే, తొక్కాను. నిజం చెబితే నా గౌరవంతోపాటు అవ్వ మాట కూడా పోతుంది. విచిత్రమేమిటంటే నర్సయ్య తాత నడుము ఆ తర్వాతి ఆదివారమే బాగయింది. గొంగడి చిన్నబోయిందని మాత్రం సణిగాడు, తన కాళ్ళు మట్టిలో పడుతున్నాయట. గొంగడి పట్టీ ఆర్కెస్ట్రా రోజులన్నీ నా జబ్బ మీదే ఉంది, చెమటకు తడిస్తే మంద వాసన కొట్టేది. పక్కన కీబోర్డు వాయించేవాడు ముక్కు మూసుకునేవాడు. నేను గుట్ట లేనిచోట కూడా గుట్ట వైపు చూస్తున్నట్టు తల ఎత్తి వాయించేవాణ్ణి. చూసేవాళ్ళకు పొగరనిపించేదేమో. నొప్పి పూర్తిగా ఎన్నడూ పోలేదు, తగ్గుతూ పెరుగుతూ నాతోపాటే ముసలిదైంది. ఇంట్లో ఇప్పుడు నేను, అదీ ఉంటాం. అందని జాగా ఇప్పుడు నాకూ అందదు. మూట కాపడానికి ఇంకొక చెయ్యి లేక కదా నేను కిందికి దిగి ఆ దుకాణానికి పోయేది. ఆ అమ్మాయి మంచిదే. నా సమయం కాగానే "అయిపోయింది సార్" అంటుంది. నేను అంగీ తొడుక్కునేలోపు తర్వాతివాళ్ళ కోసం దుప్పటి మారుస్తుంటుంది. మొన్న తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాను. "ఏమన్నా మరిచిపోయారా సార్?" అని అడిగింది. "లేదమ్మా, నీ ముఖం చూద్దామని" అన్నాను. పాదాలే తెలుసు గాని ఆ అమ్మాయి ముఖం ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు సరిగా తెలియదు. ఎడమ కన్ను కింద చిన్న మచ్చ ఉంది.

ఆనాడు ఆ మాటలయ్యాక అవ్వ కళ్ళు తుడుచుకొని, అంచు కోసిన గొంగడిని సరిచేసి, దాని మీద బోర్లా పడుకుంది. "దా, తొక్కు" అంది. "ఉత్త కాళ్ళంటివి గదా" అన్నాను. "ఉత్తవే. తొక్కు" అంది. లేవగలిగిన చెయ్యితో చూరు పట్టుకొని ఎడమ పాదం పెట్టాను. ఊళ్ళో అన్ని వీపులూ తెలిసిన నాకు ఆ వీపు తెలియదు. ఎముకల మీద చర్మం, అంతే. నడుము నుంచి మెడ దాకా నడిపించాను. అవ్వ లేచి, చీర దులుపుకొని, గోడ పట్టుకొని అందరిలాగే వాకిలి దాటబోయింది. దాటేచోట ఆగింది. వెనక్కి తిరిగి, నా కాళ్ళ వైపు కాదు, నా ముఖంలోకి చూసింది.

"పోలే" అంది నవ్వుతూ. "జర గూడ పోలే రా!"